పాత ఫోర్ బై ఫోర్ జీపును రోజూ నడిపే బండిగా తీర్చిదిద్దుకోవడం: రాయగడ, కోరాపుట్ ఘాటీ రోడ్లకు సమగ్ర మార్గదర్శి

ఒడిశాలోని రాయగడ, గునుపూర్, జయపురం నుంచి నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "పాత జీపు కొన్నాం. రోజూ నడపాలంటే ముందు ఏం చేయించాలి?" కొందరు అప్పటికే పెద్ద టైర్లు, లైట్ల బార్ కొనేసి, బ్రేకు సంగతి తర్వాత అడుగుతారు. అందుకే ఈసారి వరుస తప్పకుండా మొత్తం రాస్తున్నాను.

ఎంఎం540, కమాండర్, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న పాత బొలెరో, మొదటి తరం థార్, జిప్సీ లాంటి బండ్లకు ఇది వర్తిస్తుంది. మోడల్‌ను బట్టి కొలతలు మారతాయి కాబట్టి ఆయిల్ ఎన్ని లీటర్లు, నట్టు ఎంత బిగించాలి అన్నవి మీ బండి మాన్యువల్‌లోనే చూసుకోండి.

వరుస ఇది. ముందు బండి వేడెక్కకూడదు. తర్వాత నమ్మకంగా ఆగాలి. ఆపైన తిన్నగా పోవాలి. ఈ మూడూ కుదిరేదాకా అప్‌గ్రేడ్ల మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

## 1. పానా పట్టేముందు బండిని చదవండి

బండి కింద భాగమంతా నీళ్లతో కడిగించి, ఆరనివ్వండి. మన ఎర్రమట్టి ఛాసిస్ సందుల్లో గట్టిపడి ఉంటే లీకు కనిపించదు, తుప్పు అసలే కనిపించదు.

ఆ రాత్రి బండి కింద పెద్ద అట్టముక్కలు పరిచి ఉంచండి. తెల్లారి మరకలు చూడండి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్. చిక్కగా, ఘాటైన గంధకం వాసన వేస్తే గేర్ ఆయిల్. పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి, వేళ్లకు జిగటగా తగిలితే కూలెంట్. చక్రం లోపలి వైపు పల్చటి తడి కనిపిస్తే బ్రేక్ ఆయిల్ కావచ్చు. అలాంటప్పుడు బండి కదపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

తుప్పుకు చిన్న సుత్తి చాలు. కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) వేలాడే బ్రాకెట్లు, బాడీ మౌంట్లు, వెనక అడ్డ ఛానల్, ఫ్లోర్ మ్యాట్ కింద రేకు, అన్నిచోట్లా తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న ఇనుము డొల్లగా మోగుతుంది, పెచ్చులు రాలతాయి. రేకు తుప్పుకు టింకరింగ్ సరిపోతుంది. ఛాసిస్ తుప్పుకు లోపలి నుంచి ప్లేటు వేసి వెల్డింగ్ చేయాలి. పైన పుట్టీ, పెయింటు పూసి దాచిన ఛాసిస్ ఉన్న బండిని ఎంత తక్కువకు వచ్చినా కొనకండి.

ఈ దశలో ఒక నోట్‌బుక్ మొదలుపెట్టండి. తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చారు, ఏ కంపెనీది, ఎంత అయింది. పాత బండికి ఇదే సర్వీసు చరిత్ర.

చూసుకోవాల్సినవి:

- ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్ట్ చేస్తే పొగ రంగు
- ఆయిల్ పోసే మూతకు లోపల తెల్లటి నురగ (హెడ్ ప్యాకింగ్ మీద అనుమానం)
- రేడియేటర్‌లో ఆయిల్ తెట్టు
- ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఆర్‌సీలోవి ఒకటేనా
- టైరు పక్కన నాలుగంకెల తేదీ. 3519 అని ఉంటే 2019లో 35వ వారంలో తయారైంది

## 2. అన్ని ఆయిళ్లూ ఒకేసారి మార్చండి

పాత యజమాని "మొన్ననే మార్చాం" అంటారు. మనసు నొప్పించకుండా వినండి, అయినా మార్చండి. ఇంజిన్, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె), ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్ (మలుపులో రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే, ఇరుసు మధ్యలోని గేర్ల గుండు), బ్రేక్, క్లచ్, కూలెంట్. ట్రాన్స్‌ఫర్ కేస్‌కు, ముందు డిఫరెన్షియల్‌కు ఏళ్ల తరబడి ఎవరూ చేయి పెట్టని బండ్లు ఎన్నో చూశాను.

ఒక నియమం గుర్తుంచుకోండి. ముందు నింపే బోల్టు విప్పండి, అది వచ్చాకే కింద ఖాళీ చేసే బోల్టు విప్పండి. పాత బండిలో నింపే బోల్టు తుప్పుతో పట్టేసి ఉంటుంది. ఆయిల్ మొత్తం కిందికి వదిలేశాక అది రాకపోతే, బండి అక్కడే ఆగిపోతుంది.

బోల్టుకు అయస్కాంతం ఉంటే దాన్ని గుడ్డతో తుడిచి చూడండి. మెత్తటి నల్లటి ముద్ద ఉంటే మామూలే. గోరంత ఇనుప ముక్కలు దొరికితే లోపల పళ్లో బేరింగో పోతోందని అర్థం.

మొదటి వానాకాలంలో కళ్యాణసింగ్‌పూర్ వైపు ఒక వాగు నాలుగైదు సార్లు దాటాను. తర్వాత వెనక డిఫరెన్షియల్ తెరిస్తే పాలు ఎక్కువైన టీ రంగులో కారింది. పెద్దాయన మెకానిక్ వేలితో తీసి, రెండు వేళ్ల మధ్య రుద్ది, "నీళ్లు దిగిపోయాయి బాబూ, ఇంకో నెల నడిపితే బేరింగులు ఉండవు" అన్నాడు. కారణం డిఫరెన్షియల్ పైనుండే బ్రీదర్, అంటే లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం. వేడెక్కి ఉన్న డిఫరెన్షియల్ ఒక్కసారిగా చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోతే ఆయిల్ సీళ్ల అంచుల నుంచి నీటిని పీల్చుకుంటుంది. తెరిచి ఉన్నా అది నీటి అడుగున ఉంటే అక్కడి నుంచే పీల్చుకుంటుంది.

దీనికి మందు చాలా చవక. బ్రీదర్ శుభ్రం చేయించి, దానికి ఆయిల్‌కు తట్టుకునే రబ్బరు పైపు తగిలించి, ఛాసిస్ వెంబడి ఎత్తుకు తీసుకెళ్లి కట్టించండి. ముందుదాన్ని బానెట్ కిందకు, వెనకదాన్ని బాడీ లోపలి ఎత్తుకు. చివర కిందికి వంగి ఉండాలి. మన వాగులకు ఇంతకన్నా పనికొచ్చే అప్‌గ్రేడ్ నాకు తెలియదు.

గేర్ ఆయిల్ గ్రేడు విషయంలో ఒక జాగ్రత్త. డిఫరెన్షియల్‌కు సాధారణంగా జీఎల్–5 రకం వాడతారు. అదే డబ్బాలో మిగిలింది గేర్ బాక్స్‌లో పోయకండి. పాత గేర్ బాక్స్‌లలో గేర్లు మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్ రింగులు ఉంటాయి, వాటికి జీఎల్–5 పడదు. జీఎల్–4 అడిగే గేర్ బాక్స్‌కు జీఎల్–4 మాత్రమే పోయాలి.

జిప్సీ వాళ్లకు ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి, పగుళ్లిస్తాయి. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా పెట్రోల్ పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్పించండి.

## 3. వేడి: ఘాటీ ఎక్కే బండికి మొదటి పరీక్ష

సాలూరు నుంచి సుంకి మీదుగా ఎక్కేటప్పుడు ముందు లారీ, వెనక లారీ, మీరు సెకండ్ గేర్‌లో. రేడియేటర్ బాగుందో లేదో అప్పుడే తేలుతుంది. టౌన్‌లో తిరిగినంతకాలం సగం మూసుకుపోయిన రేడియేటర్ కూడా నెట్టుకొస్తుంది.

పనుల వరుస:

1. రేడియేటర్ దింపించి, పై ట్యాంకు తెరిచి, లోపల రాడ్లు పంపి శుభ్రం చేయించండి. గొట్టాలు చివికిపోయి ఉంటే కొత్త కోర్ వేయించండి.
2. బయట రెక్కల్లో ఇరుక్కున్న మట్టిని ఇంజిన్ వైపు నుంచి ముందుకు, మెల్లటి ధారతో కడగండి. ప్రెజర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.
3. పై, కింది హోస్ పైపులు, క్లిప్పులు, ఫ్యాన్ బెల్టు కొత్తవి వేయండి. పాత బెల్టు బాగుంటే సీటు కింద దాచుకోండి.
4. ప్రెజర్ మూత మార్చండి. నీరు మరిగే వేడిని పెంచేది ఆ మూత పట్టి ఉంచే ఒత్తిడే.
5. ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు ఉందో లేదో చూడండి. చాలా పాత జీపుల్లో దాన్ని ఎప్పుడో తీసి పారేసి ఉంటారు. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ మొత్తం నుంచి గాలి లాగలేదు.
6. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో కలిపి పోయండి. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది.

ఎక్కువగా జరిగే తప్పు: థర్మోస్టాట్ తీసేయడం. నా బండికి ఒక షాపులో అదే చేశారు. "తీసేస్తే చల్లగా ఉంటుంది సార్" అన్నారు. కోరాపుట్ డిసెంబర్ చలిలో ఇంజిన్ అరగంట నడిచినా సరిగ్గా వేడెక్కేది కాదు. డీజిల్ ఎక్కువ తాగేది, పొద్దున తెల్లటి పొగ. ఇంజిన్ ఉండాల్సిన వేడిలో ఉంచడమే థర్మోస్టాట్ పని. పాడైతే కొత్తది వేయించండి.

వేడి చూపే మీటర్ ముల్లు పైకి పోతుంటే పక్కకు ఆపి, ఇంజిన్‌ను న్యూట్రల్‌లో కాసేపు నడవనివ్వండి. ముల్లు దిగకపోయినా, నీళ్లు చిమ్ముతున్నా ఆపేయండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. కనీసం అరగంట ఆగండి.

## 4. బ్రేకులు: దిగేటప్పుడు నమ్మకం

ఎక్కడం కన్నా దిగడమే కష్టం. కొన్న కొత్తలో ఇంట్లో వాళ్లందరినీ తీసుకుని సాలూరు వైపు దిగుతున్నాను. మూడో మలుపు దాటాక పెడల్ మెత్తగా నేల దాకా పోయింది. రెండోసారి, మూడోసారి తొక్కితే కొద్దిగా పట్టింది. గేర్ దించి, కొండ వైపు ఒరిపించి ఆపాను. వెనక సీటులో అమ్మ మాట్లాడలేదు, నా భుజం మీద చెయ్యి వేసి ఉంచింది అంతే. చూస్తే లైనర్లు బాగానే ఉన్నాయి. బ్రేక్ ఆయిలే ఏళ్ల నాటిది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. పైపులో ఆవిరి బుడగలు పుడితే, మీరు తొక్కే బలం ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది. అందుకే రెండేళ్లకొకసారి, బాగున్నట్టు కనిపించినా, మొత్తం మార్చాలి.

వరుస:

1. డ్రమ్ములున్న చక్రాలన్నీ విప్పించండి. వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే సిలిండర్ మార్చాలి.
2. వెనక లైనర్ల మీద గేర్ ఆయిల్ మరకలుంటే యాక్సిల్ ఆయిల్ సీల్ పోయింది. ముందు సీల్, తర్వాత లైనర్లు. ఆయిల్ పీల్చిన లైనర్‌ను ఉప్పు కాగితంతో రుద్ది మళ్లీ వేయనివ్వకండి.
3. డ్రమ్ములో గాట్లు పడి ఉంటే లాత్‌కు ఇవ్వండి. డ్రమ్ము మీద గరిష్ఠ కొలత రాసి ఉంటుంది, అది దాటితే కొత్తదే.
4. చక్రాల దగ్గరి రబ్బరు బ్రేక్ పైపులు ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్చేయండి. లోపల వాచిన పైపు పైకి బాగానే కనిపిస్తుంది.
5. గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి. మన కుడి స్టీరింగ్ బండ్లలో మామూలుగా వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి.
6. సీసా మీద డాట్ 3 లేదా డాట్ 4 అని ఉన్నదే పోయండి. పొరపాటున వేరే మినరల్ ఆయిల్ పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

దిగేటప్పుడు ఎక్కిన గేర్‌లోనే దిగండి. న్యూట్రల్‌లో దించడం డీజిల్ పొదుపు కాదు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం. పెడల్ మీద కాలు ఆనించి ఉంచకుండా, తొక్కి వేగం తగ్గించి వదలండి. డ్రమ్ము చల్లారడానికి ఆ వ్యవధి కావాలి.

## 5. స్టీరింగ్, హబ్బులు, కమాన్లు

గంటకు 50, 60 కిలోమీటర్ల వేగంలో చిన్న గుంత తగలగానే స్టీరింగ్ చేతుల్లో గడగడ కొట్టుకుంటుందా? చాలామంది వెంటనే స్టీరింగ్ డ్యాంపర్ (ఆ కుదుపును అణిచే షాక్ అబ్సార్బర్ లాంటిది) వేయిస్తారు. జబ్బు అలాగే ఉంటుంది, లక్షణం కొన్నాళ్లు దాగుతుంది.

ఇంట్లోనే కనిపెట్టొచ్చు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, ఛాసిస్ కింద గట్టి స్టాండు పెట్టండి. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపండి. ఆడితే బేరింగో, కింగ్ పిన్నో (మలుపులో చక్రం తిరిగే పిన్ను) వదులైంది. ఇప్పుడు ఎవరినైనా బ్రేక్ తొక్కి పట్టుకోమనండి. ఆట పోతే హబ్ బేరింగ్, ఇంకా ఉంటే కింగ్ పిన్. తర్వాత కుడి, ఎడమ అంచులు పట్టుకుని ఊపండి. ఇక్కడ మాత్రమే ఆట ఉంటే స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింక్, స్టీరింగ్ బాక్స్ చూడాలి.

అవన్నీ బాగు చేయించాకే వీల్ బ్యాలెన్సింగ్, టో సెట్టింగ్ (ముందు చక్రాలు తిన్నగా ఉండేలా సర్దడం). ముందే చేయిస్తే డబ్బు వృథా.

కమాను కట్టల్లో విరిగిన ఆకులు, వదులైన యు బోల్టులు, అరిగిన బుష్‌లు చూడండి. బుష్‌లు మార్చితేనే సగం చప్పుడు పోతుంది. బండి కుదుపు ఎక్కువగా ఉందని ఆకులు తీసేయకండి, బరువు పడ్డ రోజు మిగిలినవి విరుగుతాయి.

## 6. ఫోర్ వీల్ డ్రైవ్ వాడకం

ఈ బండ్లలో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం తిరగాలి. బురదలో అయితే టైరు జారి సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారదు, ఆ బిగువంతా ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసులకు తిరుగుడు చేర్చే పొడవాటి కడ్డీ) జాయింట్ క్రాస్‌ల మీద, ట్రాన్స్‌ఫర్ కేస్ పళ్ల మీద పడుతుంది. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకండి. వాన పడుతున్నా సరే, రోడ్డు తారుదైతే టూ వీల్‌లోనే.

లీవర్ ఇరుక్కుని వెనక్కి రాకపోతే కొట్టకండి. తిన్నగా కొన్ని మీటర్లు రివర్స్ వెళ్లండి. లేదా మట్టి అంచులోకి దింపి కదపండి. బిగువు వదిలి లీవర్ దానంతటదే వస్తుంది.

నెలకొకసారి మట్టి రోడ్డు మీద ఒకటి రెండు కిలోమీటర్లు ఫోర్ వీల్‌లో నడపండి. హబ్ లాకులు (ముందు చక్రాలను ఇరుసుకు కలిపే లాకులు) ఉన్న బండైతే వాటినీ బిగించండి. వాడని ముందు యాక్సిల్‌లో ఆయిల్ కింద నిలిచి, పై భాగాలు ఎండిపోతాయి. లో రేంజ్ (తక్కువ వేగంలో ఎక్కువ లాగుడిచ్చే గేరు) మాత్రం బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి వేయండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లకు గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. ఒక వైపు రాకపోతే ఆ క్రాస్ ఎండిపోయింది. బండి కదలగానే కింద 'టక్' మని వినిపించేది ఎక్కువగా అదే.

## 7. కరెంటు పని

ముందు ఎర్త్‌లు. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే తీగలు విప్పి, ఇనుము మెరిసేలా గీకి, బిగించి, వ్యాజలిన్ పూయండి. సెల్ఫ్ బలహీనంగా తిరగడం, లైట్లు మసకబారడం చాలావరకు ఇక్కడే తీరిపోతాయి.

మల్టీమీటర్ ఒకటి కొనండి. రాత్రంతా ఆపి ఉంచిన మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.4. అంతకన్నా తక్కువైతే ఆల్టర్నేటర్, ఎక్కువైతే రెగ్యులేటర్ చూపించండి.

హెడ్‌లైట్లు మసకగా ఉంటే బల్బు మార్చేముందు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) వేయించండి. రెండు 60 వాట్ల హైబీమ్ బల్బులంటే 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు. పాత బండిలో ఆ కరెంటంతా అరిగిన స్విచ్చి, సన్నటి తీగ గుండా వెళ్తుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు తీగ వేసి, రిలే పెడితే అదే బల్బు ఎంత వెలుగిస్తుందో మీరే చూస్తారు. హాలోజన్ కోసం చేసిన గిన్నెలో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. ఘాటీ మలుపులో ఎదుటి డ్రైవర్ చూపు పోతే నష్టం ఇద్దరికీ.

## 8. అప్‌గ్రేడ్లు: ఏది ముందు

పైవన్నీ అయ్యాక, నా వరుస ఇది:

1. బ్రేక్ బూస్టర్ (పెడల్ తొక్కే బలాన్ని పెంచేది) లేని బండికి బూస్టర్, వీలైతే ముందు డిస్క్ బ్రేకులు. ఒకే రకం బండి నుంచి తీసిన పూర్తి సెట్టు వేయించండి, తలా ఒకటి తెచ్చి కలపొద్దు.
2. మూడు చోట్ల బిగించే సీటు బెల్టులు. ఒట్టి రేకుకు కాకుండా వెనక బలమైన ప్లేటు వేసి బిగించాలి.
3. మంచి ముందు సీట్లు. నడుము నొప్పితో రోజూ బండి నడపలేరు.
4. పవర్ స్టీరింగ్.
5. ఫ్లోర్ మీద, ఇంజిన్ వైపు గోడకు వేడి, చప్పుడు ఆపే షీటు.

టైర్ల విషయంలో లెక్క వేసుకోండి. 215/75 ఆర్15 తీసి 235/75 ఆర్15 వేస్తే టైరు వ్యాసం 30 మి.మీ. పెరుగుతుంది. నేలకు, డిఫరెన్షియల్‌కు మధ్య పెరిగేది అందులో సగం, 15 మి.మీ. మాత్రమే. దానికి బదులు స్టీరింగ్ బరువెక్కుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది, స్పీడోమీటర్ 60 చూపితే బండి 62 దాటి పోతుంటుంది. రోజువారీ వాడకానికి కంపెనీ సైజులో మంచి ఆల్ టెరైన్ టైర్లు చాలు. నాలుగూ ఒకే సైజు, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ముందొక సైజు, వెనకొక సైజు వేసి ఫోర్ వీల్ వాడితే ట్రాన్స్‌ఫర్ కేస్ పోతుంది.

ఎత్తు పెంచే కిట్లు రోజూ నడిపే బండికి నేను వద్దంటాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి క్రాస్‌లు తొందరగా పోతాయి, బ్రేక్ పైపులు లాగుతాయి, మలుపులో బండి ఒరుగుతుంది. బంపర్ ముందు బిగించే ఇనుప బుల్ బార్లూ వద్దు. వాటిపై చర్య తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు చెప్పింది.

సామాన్ల కోసం జయపురం, విజయనగరం చూసి, దొరక్కపోతే విశాఖ ఆటోనగర్. పాత భాగం సంచిలో వేసుకుని వెళ్లండి. "జీపు టై రాడ్ ఎండ్" అని అడిగితే నాలుగు రకాలు చూపిస్తారు, పక్కన పెట్టి కొలిస్తేనే సరైనది దొరుకుతుంది.

## 9. కాగితాలు

ఇంజిన్ మార్చినా, బండి రూపం మార్చినా ఆర్‌సీలో ఎక్కాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇదే చెబుతుంది. పని చేయించాక కాదు, చేయించేముందే ఆర్‌టీఓలో అడగండి.

సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత ఫారం 25తో ఐదేళ్లకొకసారి రెన్యూవల్. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు.

మన సరిహద్దు వాళ్లకు ముఖ్యమైనది ఇది. పార్వతీపురంలోనో సాలూరులోనో ఏపీ నంబరు బండి కొని ఒడిశాలో 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ ఫారం 27. అమ్మినవాళ్లు దొరికే రోజుల్లోనే సంతకాలు పూర్తి చేసుకోండి.

## 10. ఇక రోజూ, వారం వారం

రోజూ, స్టార్ట్ చేసేముందు: బండి కింద మరక, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, పెడల్ గట్టిదనం.

వారానికి: టైర్ల గాలి స్టెపినీతో సహా, బ్రేక్ ఆయిల్ మట్టం, డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు వదలడం, బ్యాటరీ టెర్మినళ్లు.

నెలకు: అన్ని నిపుల్స్‌కూ గ్రీజు, ఎయిర్ ఫిల్టర్, యు బోల్టులు, ఫోర్ వీల్‌లో కొంత దూరం. వాగులో దిగి వస్తే నెల దాకా ఆగకుండా మరునాడే గ్రీజు కొట్టి, డిఫరెన్షియల్ ఆయిల్ రంగు చూడండి.

5,000 కిలోమీటర్లకు: ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్. మాన్యువల్‌లో ఇంకా ఎక్కువ రాసి ఉన్నా, దుమ్ములో, ఘాటీలో తిరిగే పాత డీజిల్‌కు నేను ఇంతకు మించి పోనివ్వను.

వానలకు ముందు, మే నెలలో: బ్రీదర్లు, వైపర్లు, తలుపు రబ్బర్లు, ఛాసిస్ లోపల తుప్పు మందు, ఫ్లోర్ డ్రెయిన్ రంధ్రాలు. వానాకాలంలో వారానికోసారైనా ఛాసిస్ సందుల్లోంచి ఎర్రమట్టి కడిగేయండి.

సీటు కింద పెట్టె: ఫ్యాన్ బెల్టు, పై హోస్ పైపు, రెండు క్లిప్పులు, ఫ్యూజులు, ఒక రిలే, హెడ్‌లైట్ బల్బు, మూత తీయని బ్రేక్ ఆయిల్ సీసా, ఐదు లీటర్ల నీళ్లు, డీజిల్ ఫిల్టర్, పానాల సెట్టు, చక్రాలకు అడ్డం పెట్టే రెండు చెక్క దిమ్మెలు, జాకీ మట్టిలో దిగిపోకుండా కింద వేసే పలక, తలకు కట్టుకునే టార్చి. పెట్టె మూతకు లోపల ఈ జాబితా అంటించండి. వాడినది ఆ సాయంత్రమే కొని తిరిగి పెట్టండి.